పది నిమిషాల బంగారం

బస్టాండు డ్యూటీలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అంత సర్వీసులో మీరు నేర్చుకున్నదేమిటి సార్ అని అడుగుతారు. నేను గొంతు సవరించుకుని ఏదో పెద్ద మాట అందుకోబోతాను. ఆలోపే వంటింట్లోంచి మా ఆవిడ, "ఆ గడియారం సంగతి చెప్పు" అంటుంది. ఇన్నాళ్లూ ఆ సంగతి దాటేసి బ్రేకు ఫెయిలైన బస్సు కథ చెప్తూ వచ్చాను. ఆ బస్సులో నేను లేనని పిల్లలకు ఈమధ్యే తెలిసిపోయింది. ఇక దాచి లాభం లేదు కాబట్టి రాసేస్తున్నాను.

నేను పుంగనూరు బస్టాండులో కంట్రోలరుగా పనిచేశాను. కంట్రోలరంటే పెద్ద అధికారి అనుకునేరు. కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని ఏ బస్సు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో షీటులో రాయడం, మైకులో ఊళ్ల పేర్లు చదవడం, రాని బస్సుకు బదులు తిట్లు తినడం, ఇదీ ఉద్యోగం. ఇల్లు మదనపల్లెలో, నిమ్మనపల్లె రోడ్డు మీద. రోజూ పోయి రావడమే.

మా గది పైన, ప్లాట్‌ఫారాల వైపు తిరిగి ఒక పెద్ద గోడ గడియారం ఉండేది. అది ఎప్పుడూ పది నిమిషాలు ముందు నడిచేది. చెడిపోయి కాదు. నాకంటే ముందున్న కంట్రోలరు ఎవరో అట్లా పెట్టిపోయాడు. నేనూ దాని బ్యాటరీ సెల్లు మార్చినప్పుడల్లా అసలు టైము పెట్టి, దానికి పది నిమిషాలు కలిపేవాణ్ణి. డ్రైవర్లు టీ బంకు దగ్గర నిలబడి ఈ గడియారాన్నే చూసేవారు. ఆరు గంటల బస్సుకు ముల్లు ఆరూ పది మీదికి వస్తే గ్లాసు కింద పెట్టి లేచేవారు. ఊరి జనం కూడా అంతే. ఆరూ అయిదు చూపిస్తున్నా తొందరపడేవాళ్లు కాదు, ఆరూ తొమ్మిదైతే పరిగెత్తేవాళ్లు. జేబుల్లో ఫోన్లు వచ్చాక కూడా ఇది మారలేదు. ఫోను చూస్తే టైము తెలుస్తుంది, పైకి చూస్తేనే బస్సు ఎప్పుడు కదులుతుందో తెలుస్తుంది. తెల్లవారు బస్సులకైతే కంట్రోలరే ఉండడు. నేను ఏడింటికి వచ్చేలోపు ఏడెనిమిది బస్సులు ఆ గడియారాన్ని నమ్ముకునే వెళ్లిపోయేవి.

ఇక బంగారు గడియారం. నాకు నాలుగో తరగతి చెప్పిన టీచరమ్మ ఒకామె మదనపల్లెలో మిషన్ కాంపౌండు పక్కన ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎనభైకి దగ్గర పడినా ఆదివారం చర్చి గుడికి అందరికంటే ముందు చేరేది. పుంగనూరులో ఉండే చెల్లెలిని చూడడానికి వచ్చిపోతూ మా కిటికీ దగ్గర నిలబడేది. ఒకరోజు టైమెంతరా అని అడిగింది. పైన గడియారం ఉంది కదా టీచరమ్మా అన్నాను. కండ్లకు పొర కమ్మింది, ఏమీ కనబడడం లేదని చెప్పి, చేతిగుడ్డ ముడి విప్పి, ఇందులో చూసి చెప్పు అని ఒక చేతి గడియారం కిటికీలోంచి ఇచ్చింది.

బంగారం. ముసలి బంగారం, ఆ రంగే వేరు. గోధుమ రంగు తిరిగిన డయలు, సన్నటి నీలం ముళ్లు, రోజూ కీ ఇవ్వాల్సిన మిషను. నేను దాన్ని చూసి, తల ఎత్తి గోడ గడియారం చూసి, రెండూ ఒక్కటే టైము చెప్తున్నాయని కూడా ఆమెతో అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

అది వాళ్ల నాయనదని చెప్పింది. ఆయన మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. ఊరు వదిలి వెళ్లిపోతూ ఒక దొరసాని డాక్టరు ఇచ్చిపోయిందట. "నాకు ముల్లే కనబడదు, నాకెందుకురా ఇది" అంది టీచరమ్మ. "తెలిసినోళ్లకు అమ్మేస్తా. టైము విలువ తెలిసినోళ్లకు." బెంగుళూరులో పాత గడియారాలు కొనేవాళ్లు చెప్పిన ధర కూడా చెప్పింది. నేను అక్కడికక్కడే లెక్క కట్టాను. ఒక మంచి పాడి ఆవు, దాని దూడ, వాటికి కొట్టం, పైన రేకులు, అన్నీ కలిపితే ఆ గడియారం.

ఆవు లెక్క ఊరికే రాలేదు. నేను రిటైరవగానే ఆవును కొనాలని మా ఆవిడ నాలుగేళ్ల నుంచి డబ్బు పోగుచేసింది. చీర కొనకుండా, పెళ్లిళ్లకు పోకుండా కూడబెట్టిన డబ్బు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర లేదు. జీవితమంతా ఇతరుల టైము రాసినవాడికి ఒక్క మంచి గడియారం ఉండకూడదా అని నా మీద నాకే జాలి కలిగింది. ఆవు ఎప్పుడైనా దొరుకుతుంది, ఇటువంటి గడియారం దొరుకుతుందా అని వాదన తయారు చేసుకున్నాను. మా ఆవిడ సాంతం విని ఒక్కటే అడిగింది.

"ఆవుకు గడ్డేస్తే పాలిస్తాది. దానికి కీ ఇస్తే ఏమిస్తాది?"

టైము ఇస్తుందన్నాను. టైము నీ ఫోనులో ఉండాది కదా అంది. అంతటితో నేను కోపం తెచ్చుకున్నాను.

ఆదివారం గుడి అయ్యాక టీచరమ్మ ఇంటికి వెళ్లాను. పది రోజులు కట్టుకుని చూసుకో, నచ్చితే డబ్బు తీసుకురా, నచ్చకపోతే గడియారం తీసుకురా అని ఆమె నా చేతిలో పెట్టింది. నేను గొప్ప బేరగాడిలా ఫోను తీసి పక్కన పెట్టి చూశాను. గడియారం సరిగ్గా పది నిమిషాలు ముందుంది. దొరికిందిరా లోపం అనుకున్నాను.

"పది నిమిషాలు ముందుకు పోతాండాది టీచరమ్మా. రిపేరీ ఉండాది. రోంత తగ్గించుకోవాల" అన్నాను.

ఆమె ఏదో అనబోయి ఆగింది. "బాగా సూసినావా?" అని మాత్రం అడిగింది. బాగానే చూశానన్నాను. సరే, పది రోజులు ఉంది కదా, ఇంకోసారి సూడు అంది. బడిలోనూ అంతే. తప్పు లెక్క చూపిస్తే తప్పని చెప్పేది కాదు, ఇంకోసారి చేయమనేది. మేము అదే తప్పును ఇంకాస్త అందమైన అక్షరాలతో చేసి తీసుకుపోయేవాళ్లం.

రెండో రోజే సెలవు పెట్టి కుప్పం వెళ్లాను. రైల్వే స్టేషను దారిలో పాత గడియారాలు బాగు చేసే ఒకాయన ఉన్నాడని విన్నాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, వెనక మూత తీసి, చాలాసేపు చూసి మూసేశాడు. "మిషను బంగారంగా ఉండాది సార్. దీనికేం జబ్బు లేదు. ఎవురో చేత్తోనే ముందుకు తిప్పుకోనుండారు. మీరూ చేత్తోనే వెనక్కి తిప్పుకోండి" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. చిన్న ఊళ్లో పెద్ద గడియారాల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. బస్సులో వస్తూ ఫోను చూసుకుని ముల్లును పది నిమిషాలు వెనక్కి తిప్పాను. బంగారు గడియారానికి టైము చెప్పింది నా గీతలు పడ్డ చవక ఫోను.

ఆ తరువాత నా వైభవం చూడాలి. ఎడమ చేతి చొక్కా మోచేతి దాకా మడిచాను. షీటు రాసేది కుడిచేత్తో అయినా, ఎడమ చేయి కిటికీ బయట పెట్టేవాణ్ణి. ఎవరైనా తిరుపతి బస్సు ఎప్పుడని అడిగితే నోటితో చెప్పక ముందు మణికట్టు చూసేవాణ్ణి. రెండు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజు కుప్పం బస్సు డ్రైవరు, నాకంటే సర్వీసులో పెద్దవాడు, కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి బెణికిందా అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. లేదే అన్నాను. ఎప్పుడూ పైకెత్తుకోని ఉండావు, కట్టు కట్టించుకోకూడదా అన్నాడు.

ఇక ఆగలేక గడియారం చూపించాను. ఆయన చూశాడు, గోడ వైపు తల ఎత్తాడు, మళ్లీ చూశాడు. తరువాత టీ బంకు దాకా వినబడేట్టు అన్నాడు.

"ఏమప్పా, ఇంత బంగారం పెట్టి కొంటాండావు, ఇది పది నిమిషాలు వెనకుండాదే."

అందరూ నవ్వారు. కండక్టర్లు నవ్వారు, టీ బంకు అతను నవ్వాడు, జామకాయలు అమ్మే ఆమె విషయం తెలియకుండానే నవ్వింది. వెనక ఉన్నది నా గడియారం కాదు, ముందున్నది ఆ గోడ గడియారం అని నేను అరిచి చెప్పాను. అది అందరికీ తెలిసిందే. తెలిసిన విషయాన్ని అరిచి చెప్పేవాణ్ణి చూస్తే జనానికి ఇంకా నవ్వు వస్తుంది.

ఆ రోజు సాయంత్రం డ్యూటీ దిగేముందు స్టూలు వేసుకుని ఎక్కి, ఆ గోడ గడియారాన్ని నా బంగారు గడియారంతో సమానం చేశాను. ఇన్నేళ్లు ఊరిని మోసం చేసిన గడియారానికి నిజం నేర్పానని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మరునాడు బస్సులన్నీ అచ్చు టైముకు నడుస్తుంటే, ఎవరు చేశారబ్బా ఈ పని అని వాళ్లే నన్ను వెతుక్కుంటూ రావాలని నా ఆశ.

వెతుక్కుంటూ వచ్చారు. పొద్దున ఏడింటికి నేను బస్సు దిగేసరికి బస్టాండు తిరునాళ్లలా ఉంది. తెల్లవారు బస్సుల్లో ఒక్కటీ వేళకు కదల్లేదు. డ్రైవర్లు ఎప్పటిలాగే టీ గ్లాసుల మీదుగా పైకి చూశారు. ముల్లు ఆరు మీద ఉంది. ఇంకా పది నిమిషాలు ఉంది కదా అని రెండో టీ చెప్పారు. బస్సు ఎక్కినవాళ్లేమో టైమైంది, డ్రైవరేడీ అని అరుస్తున్నారు. ఎక్కాల్సినవాళ్లు పైకి చూసి, ఇంకా ఉందిలే అని పూలు కొంటున్నారు. ఆరు గంటల కుప్పం బస్సు కదిలి, గేటు దగ్గర పరిగెత్తుకొచ్చేవాళ్లను ఎక్కించుకుని రోడ్డెక్కేసరికి ఆరూ ఇరవై. పాలక్యాన్లవాళ్లకు పలమనేరులో బండి తప్పింది. నేను షీటులో ఆలస్యాల కింద కారణం అనే గడిలో ఏం రాయాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. చివరికి 'ట్రాఫిక్' అని రాశాను. ఆ వేళప్పుడు పుంగనూరు రోడ్ల మీద ఉండేది రెండు కుక్కలు.

మధ్యాహ్నం కుప్పం బస్సు తిరిగి వచ్చింది. డ్రైవరు ముందు దిగాడు. ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దించాడు. టీచరమ్మ.

కుప్పంలో ఒక కంటి ఆస్పత్రికి నెలకు ఒకసారి బయటినుంచి పెద్ద డాక్టరు వచ్చి ఆపరేషన్లు చేసేవాడు. టోకెన్లు ఎనిమిదిన్నర దాకానే. టీచరమ్మ మదనపల్లెలో మొదటి బస్సు ఎక్కి, ఆరుకు అయిదు నిమిషాల ముందే పుంగనూరులో దిగి, కుప్పం బస్సులో ముందు సీటులో కూర్చుంది. తన జీవితంలో ఎక్కడికీ ఆలస్యంగా పోని మనిషి. ఆస్పత్రి గేటు చేరేసరికి తొమ్మిదికి పావు తక్కువ. మళ్లీ నెలకు రమ్మన్నారు. ఈలోపు పొర ఇంకా ముదిరితే కష్టమని కూడా అన్నారట.

ఈ సంగతి డ్రైవరు కిటికీ బయట నిలబడి పొడిపొడిగా చెప్పి వెళ్లిపోయాడు. ఆమెను గదిలోకి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను.

"పైన గడియారం ఎవురురా సరిచేసింది?" అంది.

నేనేనన్నాను.

"నేనిచ్చింది?"

అదీ నేనేనన్నాను. ఆమె చేయి చాచింది. గడియారం విప్పి ఆ చేతిలో పెట్టాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నది, ముఖం దగ్గరికి తెచ్చుకుని చూడబోయింది, కనబడక దించేసింది.

"మా నాయన దీన్ని ఎప్పుడూ పది నిమిషాలు ముందే పెట్టుకునేటోడు. ఊపిరాడక వచ్చేటోడు టైము సూసుకోని రాడు, ఆస్పత్రి తలుపు మనమే ముందు తీసుండాల అనేటోడు. ఆయన పోయినాక నేను యాభై ఏండ్లు అట్లే కీ ఇచ్చినా. బడి గేటు అట్లే తీసినా. నీ మాదిరి మనిషికి చెప్పాల్నా అనుకున్యా. నీ నెత్తి మీదా అట్లాంటిదే ఉండాది కదా, రెండూ ఒకటే టైమని నువ్వే చెప్తివి." బొటనవేలితో గడియారం అద్దం తుడుస్తూ, "ఆ పది నిమిషాలే రా మా నాయన. నువ్వు దాన్ని రిపేరీ కింద కొట్టేస్తివి" అంది.

ఆమె కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో సస్పెండు కావడం దాకా వెళ్లాను, మెమోలు తిన్నాను, ప్రయాణికుడి చేతిలో చెంపదెబ్బ కూడా తిన్నాను. వేటికీ సిగ్గుపడలేదు. ఆ రోజు పడ్డాను. సెల్లు మార్చినప్పుడల్లా పది కలిపిన నా చేతికే ఆ పది నిమిషాలు ఎందుకో తెలియలేదు. ఎవరో పెట్టిపోయారు, నేను కలుపుతూ పోయాను.

చేతి గడియారం ముల్లును మళ్లీ పది నిమిషాలు ముందుకు తిప్పి ఆమె చేతిలోనే పెట్టి, ఆమెను మదనపల్లె బస్సు ఎక్కించి వచ్చి, పట్టపగలు, అందరూ చూస్తుండగా, స్టూలు వేసుకుని ఎక్కాను. గోడ గడియారం ముల్లునూ పది నిమిషాలు ముందుకు తోశాను. కుప్పం డ్రైవరు టీ బంకు దగ్గర్నుంచి, ఇప్పుడు చెయ్యి నయమయినట్టుండాదే అన్నాడు. ఎవరూ పెద్దగా నవ్వలేదు.

పది రోజుల గడువు నడుస్తూనే ఉంది. మీకు విచిత్రంగా ఉండొచ్చు, ఇంత జరిగినా నాకు ఆ గడియారం మీద ఆశ చావలేదు. ఇంకా పెరిగింది. ఇప్పుడు దాని విలువ తెలిసినవాణ్ణి నేనే కదా అని కొత్త వాదన దొరికింది. మర్నాడు వెళ్లి, తగ్గించనక్కర్లేదు, అడిగిన ధరే ఇస్తానన్నాను. కండ్ల పని అయినాక తీసుకుపో, మాటంటే మాటే అంది టీచరమ్మ.

నెల తిరిగాక ఆమెను కుప్పం నేనే తీసుకెళ్లాను. రెండు రోజులు సెలవు పెట్టి, బస్సులను నమ్మక ఆటో మాట్లాడుకుని, టోకెన్లు ఇచ్చే ఆమెకంటే ముందే గేటు దగ్గర కూర్చున్నాం. బనీను లోపలి జేబులో డబ్బు పెట్టుకుని వెళ్లాను. మా ఆవిడే ఎత్తి ఇచ్చింది. ఏమీ అనలేదు. లెక్క కూడా పెట్టుకోలేదు. ఆమె అట్లా ఇచ్చేసరికి ఆ కట్ట దారి పొడుగునా ఛాతీకి గుచ్చుకుంటూనే ఉంది.

లోపలికి తీసుకెళ్లేముందు ఒంటి మీద వస్తువులు తీసేయమన్నారు. టీచరమ్మ చేతిగుడ్డ ముడి నా చేతిలో పెట్టింది. "తెచ్చినావా డబ్బు? ఉంటే ఇప్పుడే ఇచ్చేయ్, నీదైపోతాది. నాకెట్లా కనబడదు" అంది.

నా చేయి బనీను జేబు మీదికి పోయింది. నిజం చెప్తున్నాను, పోయింది. ముందు రోజు దాకా కలలో చూసిన వస్తువు, అరచేతిలో, వెచ్చగా. కానీ ఆమె లోపలికి పోతున్నది కండ్ల కోసం. రేపు చూపు వస్తే మొదట దేన్ని చూసుకోవాలి ఈమె? నా జేబులో చేరిన దాన్నా?

"ముందు సూసుకోండి టీచరమ్మా. సూసినాక ఇద్దురు" అన్నాను.

ఆ రోజు, ఆ రాత్రి ఆ గడియారం నా దగ్గరే ఉంది. సాయంత్రం కీ ఇచ్చాను. ముల్లు మాత్రం ముట్టుకోలేదు. నా జీవితంలో ఒక గడియారాన్ని చూస్తూ ఏమీ సరిచేయకుండా కూర్చున్నది ఆ రోజే.

పొద్దున కట్టు విప్పారు. నర్సమ్మ వేళ్లు చూపించి ఎన్ని అని అడుగుతోంది. టీచరమ్మ వేళ్లను పట్టించుకోకుండా నా వైపు చేయి చాచింది. గడియారం ఇచ్చాను. కాస్త దూరం పెట్టి, కాస్త దగ్గర పెట్టి, చివరికి ఒక దూరంలో ఆపింది.

"ఏడుంబావు" అంది. తరువాత, నెమ్మదిగా, "అంటే ఏడూ అయిదు."

ఫోను తీసి చూశాను. ఏడూ అయిదు.

ఆమె ముఖం చూసినవాడెవడూ దాని ధర గురించి మాట్లాడలేడు. తోలు పట్టీని చివరి రంధ్రం దాకా బిగించి తన సన్నటి చేతికి కట్టుకుంది. కాసేపటికి నేనున్న సంగతి గుర్తొచ్చి, మాటిచ్చినాను కదరా అని విప్పబోయింది. ఒద్దు టీచరమ్మా అన్నాను. చాలా బాధేసింది. అబద్ధమెందుకు, గడియారం పోయినందుకే బాధేసింది. సంతోషం కూడా వేసింది, కానీ అది బస్సు ఎక్కి పలమనేరు దాటాక గానీ రాలేదు.

ఇంటికి వచ్చి డబ్బు కట్ట మా ఆవిడ చేతిలో పెట్టాను. ఈసారి లెక్కపెట్టుకుంది.

రిటైరయ్యేదాకా ఆగకుండా ఆవును మరుసటి నెలలోనే కొన్నాం. పిల్లలూ, నాకిప్పుడు చేతికి గడియారం లేదు. తెల్లవారు అయిదు గంటలకు పాలు పిండాలి. ఆ ఆవు రోజూ అయిదుకు పది నిమిషాల ముందే అరుస్తుంది. దాన్ని మాత్రం నేను సరిచేయబోలేదు.